నేల తాకని బీర

దొర నేలలో ఒక్క గింజ కూడా నాటనని కాశమ్మ కాయితం మీద వేలిముద్ర వేసి మూడు నెలలయింది. పోలీసు యాక్షనుకు ముందు పట్నం పారిపోయిన దొర, యాక్షను కాగానే మిలిటరీ లారీల వెనకే కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకొని ఇబ్రహీంపట్నంలో దిగాడు. దిగినవాడు ఊరుకుంటాడా! అతను లేనప్పుడు సంఘం కాశమ్మ ఇంటికి పంచిన రెండెకరాలనూ నిలువు జొన్నతో సహా లాక్కున్నాడు. ఆ చేను దున్నినందుకు కాశమ్మ పెనిమిటి వీరస్వామి పట్నం జైల్లో ఉన్నాడు. మిగిలింది ఇల్లు. ఇల్లంటే నాలుగు మట్టిగోడలు, తాటాకు కప్పు, రెండు మంచాలు పట్టే వాకిలి. ఆ జాగా కూడా దొరదే.

సాగు చేసేవాళ్ళ పేర్లు సర్కారు రాసుకుంటుందని పట్నంలో ఒక మాట పుట్టింది. ఎవడి పేరు ఏ గుంట మీద ఎక్కుతుందోనని దొరకు నిద్ర లేదు. అందుకే కాయితంలో అట్లా రాయించాడు: ఈ ఇంటి జాగాలో ఏ విత్తూ నాటను, నాటిన నాడు ఇల్లు విడిచిపోతాను. పట్వారి చదివి వినిపిస్తుంటే కాశమ్మకు నవ్వు వచ్చింది. ఊరంత భూమి ఉన్న మనిషి ఒక చిక్కుడు గింజకు భయపడుతున్నాడు! ఆ నవ్వును లోపలే మింగి వేలు సిరాలో ముంచింది. వీరస్వామి ఎప్పుడు విడుదలైనా ఈ గడప వెతుక్కుంటూనే వస్తాడు. గడప లేకపోతే ఎక్కడికి వస్తాడు?

కాముని పున్నమి మూడు రోజులుందనగా, అత్త ఇంద్రమ్మ జొన్న గట్కలో ఉప్పు కారం కలుపుకుంటూ చేయి ఆపింది.

"కూరాకు మొఖం జూసి ఎన్ని దినాలాయెనే?"

దొర మాట దాటి కాశమ్మను కూలికి పిలిచేవాడు ఊళ్ళో లేడు. అదే వాడలోని జైతున్ బీ చాటున విసిరించుకునే పిండి కోసం తిరగలి తిప్పితే ఇంత జొన్న వస్తుంది. కూరకు ఏదీ రాదు.

"చూర్ల విత్తుల మూట ఉన్నది గద," అన్నది ఇంద్రమ్మ మళ్ళీ. "నిరుడు దాసినయి. ఈ ఏడు గూడ నేల పడకపోతే చచ్చిపోతయి. ఇగ మొలువయి."

కాశమ్మ మంచం కోడు మీద ఎక్కి చూరులోంచి మూట తీసింది. బూడిదలో బీర గింజలు, తోటకూర విత్తులు. ఒక బీర గింజను గోటితో నొక్కి చూసింది. ఇంకా గట్టిగానే ఉంది. మూట కొంగున కట్టుకొని బయటికి నడిచింది.

కుమ్మరి నాగయ్య కుండలు కాల్చే వాము వెనక పగిలిన కుండల కుప్ప ఉంటుంది. కాలేటప్పుడు బీటిచ్చినవి, వంకర పోయినవి, మూతి విరిగినవి అక్కడ పారేస్తాడు. కాశమ్మ వంగి ఏరుతుంటే నాగయ్య సారె ఆపి చూశాడు.

"పగిలినయి ఏరుతున్నవ్, ఏం జేస్తవమ్మా?"

"తీగె పెడ్త నాగయ్య మామా. దొర నేల్ల నాటొద్దని రాసిండ్రు. కుండల నాటొద్దని రాయలే."

నాగయ్య ఒక్క క్షణం ఆమె వంక చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తరువాత తనే లేచి కుప్ప అడుగు నుంచి ఒక గోలెం దొర్లించుకొచ్చాడు. పశువుల నీళ్ళకని చేసిన పెద్ద గోలెం, అంచు నుంచి జానెడు బీట.

"గిదిగో, దీనిల బీర పెట్టు. మన్ను మస్తు పడ్తది." మేకూ రాయీ తీసుకొని దాన్ని బోర్లించి, అడుగున టకటక కొట్టి బొటనవేలు పట్టేంత చిల్లి చేశాడు. "చిల్లి లేకపోతే నీళ్ళు నిల్చి ఏర్లు కుళ్ళుతయ్. చిల్లి మీద పెంకు బోర్లించు, మన్ను జారకుంట."

ఊరికే తీసుకోవడం కాశమ్మకు చేతకాదు. చీర ఎగదోపుకొని పొద్దు నెత్తి మీదికొచ్చేదాకా నాగయ్య మన్ను తొక్కి, గోలేన్ని నెత్తికెత్తుకుంది. రెండోసారి వచ్చి మూతి లేని మూడు కుండలు తీసుకుపోయింది. ఇంటి వెనక పారేసి ఉన్న చినిగిన మోట బొక్కెనను ఇంద్రమ్మ ఈడ్చుకొచ్చింది. ఆ తోలు సంచికి అడుగున చిల్లి చేసే పని కూడా లేదు, ఎలుకలే చేసిపెట్టాయి.

మన్ను దగ్గర మాత్రం కాశమ్మ పట్టుబట్టింది. వాకిట్లోంచి దోసెడు కూడా తవ్వలేదు. అది దొర మన్ను. గంప పట్టుకొని పెద్ద చెరువుకు పోయింది. చెరువు సర్కారుది. ఎండాకాలం ముంగిట నీళ్ళు వెనక్కి జరిగి, అంచున నల్లటి ఒండ్రు నెర్రెలిచ్చి ఉంది. పలకలు పలకలుగా లేపి గంపకెత్తుకుంది. మూడో తడవకు ఊరి బయట క్యాంపు వేసిన పోలీసుల్లో ఒకడు తోవకు అడ్డం నిలబడ్డాడు. ఆ రోజుల్లో నెత్తిన గంప పెట్టుకున్న ఏ ఆడదాన్ని చూసినా వాళ్ళకు సంఘం దళాలకు అన్నం మోస్తున్నట్టే కనిపించేది.

"ఏముంది గంపలో?"

"మన్ను సారూ."

వాడు లాఠీతో గంపలో పొడిచి పొడిచి చూశాడు. మన్నే. మన్నుకింద మన్నే. ఏదో దొరకాల్సింది దొరకనట్టు వాడి ముఖం చిన్నబోయింది. పొమ్మన్నాడు. కాశమ్మ గంప సర్దుకొని చెరువు కట్ట దిగేదాకా గబగబా నడిచింది.

వాడ చివరి ఇల్లు జైతున్ బీది. పోలీసు యాక్షను వారంలో జల్‌పల్లి దిక్కు పోయిన ఆమె పెనిమిటి ఖాసీం ఇంతవరకూ రాలేదు. బతికున్నాడని చెప్పేవాళ్ళూ లేరు, లేడని చెప్పేవాళ్ళూ లేరు. గంపతో పోతున్న కాశమ్మను పిలిచి, ఆమె ఒక గ్యాసునూనె డబ్బా, తడిగుడ్డలో చుట్టిన పుదీనా వేర్లు చేతిలో పెట్టింది.

"నా చెయ్యి మీద బతుకుతలేదు కాశమ్మా. నీ చెయ్యి మీద బతుకుతదేమో జర చూడు. ఆయనొస్తే ముందుగాల పుదీన చట్నీయే అడుగుతడు."

కాశమ్మ డబ్బా తీసుకుంది కాని ఆమె ముఖంలోకి చూడలేకపోయింది.

మరునాటి సాయంత్రం వాకిట్లో అత్తాకోడళ్ళు మన్ను కలిపారు. రెండు పాళ్ళు ఒండ్రు, ఒక పాలు వాగు ఇసుక, ఒక పాలు రోకలితో దంచిన మేక పెంటికలు. పిడికిట పట్టి వదిలితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. అట్లా అయ్యేదాకా కలిపారు. గోలెంలో రాత్రంతా తడిగుడ్డలో నానిన బీర గింజలు నాలుగు, వేలి కణుపు లోతున. మిగిలిన బీర గింజలు మళ్ళీ చూరులోకి పోయాయి. కుండల్లో తోటకూర. డబ్బాలో పుదీనా. మోట బొక్కెనలో మిగిలిన తోటకూర విత్తు చల్లారు. చేదబావి నుంచి రోజూ రెండు కడవల కంటే మోయలేరు కాబట్టి జొన్నల కడుగు, గిన్నెల కడుగు, ఇంద్రమ్మ చెయ్యి కడుగు, అన్నీ వాటికే పోశారు.

మరునాడు పొద్దున్నే బాలనర్సింహ వచ్చాడు.

అతనిల్లు అదే వాడలో, నాలుగిళ్ళ అవతల. వరసకు మరిది. నిరుడు సంఘం చేను పంచిననాడు వీరస్వామి నాగలి మేడి పడితే ఎడ్ల ముందు నడిచినవాడు ఇతనే. ఇప్పుడు దొర ఉండే గడీలో ఇచ్చిన కర్ర చేతపట్టుకొని, ఆయన ఎటు పొమ్మంటే అటు పోతున్నాడు. అతని ముఖం చూస్తే కాశమ్మకు ఒళ్ళు మండుతుంది. దాచుకునే మనిషి కూడా కాదు.

"వదినె, ఏంది గివి?"

"కుండలు."

"కుండల్ల ఏమున్నది?"

"మన్ను."

"మన్నుల?"

"మన్నుల ఏముంటదో నీకు ఎరుక లేదా? ఎడ్ల ముంగట నడిచిననాడు గిన్ని సవాళ్ళు అడగకపోతివి."

బాలనర్సింహ కర్రను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "ఎవల మన్ను వదినె? దొర అడుగుతడు. నేను చెప్పాలె."

"చెరువు మన్ను. పోలీసోడు లాఠీతోని పొడిచి చూసిండు, వాన్ని అడుగుమను. నీళ్ళు వాడ బాయివి. కుండలు నాగయ్య పారేసినయి. విత్తులు నా మొగడు దాసినయి. మీ దొర నేలను నేను ముట్టలే."

"అన్న జైల్ల ఉన్నడు, నేను బయట ఉన్న. గంతే గద నీ కోపం?"

"గంతే."

అతను ఇంకేదో అనబోయి, ఇంద్రమ్మ గడపలోకి రావడం చూసి తల వంచుకొని పోయాడు. పొద్దువాలుతుంటే మళ్ళీ వచ్చాడు. ఈసారి వాకిట్లోకి రాలేదు, దారిలోనే నిలబడ్డాడు.

"దొర నవ్విండు వదినె. మస్తు నవ్విండు. తెలివిగల్ల ముండ అన్నడు. కుండలనే ఉంటే ఉండనీయి అన్నడు. ఏరు నేల తాకిందా, అదే దినం ఇల్లు ఖాళీ. ఎప్పుడన్న వచ్చి చూస్తడట." గొంతు తగ్గించాడు. "జర పైలం."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. దొరకు ఎండాకాలం పొద్దుపోక ఒక ఆట దొరికింది. కాశమ్మకు ఆ రాత్రి నుంచి మనసు మనసులో లేదు. వారానికొకసారి అత్తను ఒక పక్క పట్టుకోమని ప్రతి కుండా కదిపి అడుగు చూసుకునేది.

ఉగాది నాటికి తోటకూర ఒకసారి కోతకొచ్చింది. ఇంద్రమ్మ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిని, గోడకు ఆనుకొని కూర్చుంది. పుదీనా రెండు కొత్త చిగుళ్ళు వేస్తే కాశమ్మ పిలిచి చూపించింది. జైతున్ బీ ఒక ఆకు తుంచి వాసన చూసి, తినకుండా కొంగున కట్టుకుంది. బీర గింజల్లో ఒక్కటే బలంగా నిలిచింది. దాన్ని తాడు కట్టి కప్పు మీదికి పాకించారు. సందెవేళ పసుపు పూలు విచ్చుకుంటే వాడలో పోయేవాళ్ళు నిలబడి చూసేవారు. చూసి, దొర మనుషులెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ తిరిగి, పోయేవారు.

ఉగాది తరువాత ఇంద్రమ్మకు చలిజ్వరం పట్టింది. పది పన్నెండు రోజులు కాశమ్మ మంచం విడవలేదు. నీళ్ళు పోయడం మరవలేదు కాని గోలెం కదిపి చూడడం మరచిపోయింది. జ్వరం దిగిననాడు పొద్దున తీగ లెక్కపెడితే తొమ్మిది పిందెలు కనిపించాయి. వేలెడు, రెండు వేళ్ళంత. ఆ ఆనందంలో గోలేన్ని నీడ వైపు జరుపుదామని రెండు చేతులా పట్టుకుంది.

కదలలేదు.

మోకాళ్ళ మీద కూర్చుని ఒక పక్క వంచింది. అడుగు చిల్లిలోంచి తెల్లటి వేర్లు నాలుగు, చిటికెన వేలంత లావున, దొర నేలలోకి దిగిపోయి ఉన్నాయి. ఎంత ధీమాగా దిగాయంటే, ఆ జాగా తమ తాతలదైనట్టు. కాశమ్మ చప్పున గోలేన్ని కిందికి దించి చుట్టూ చూసింది.

"కొడవలి దే అత్తా," అన్నది. అని, మళ్ళీ తనే ఆగింది.

"కొయ్యవేం?" అన్నది ఇంద్రమ్మ నీరసంగా.

"గింత ఎండల కోస్తే తీగె ఒక్కగడియల సస్తది. తొమ్మిది పిందెలున్నయి అత్తా. పొద్దుగూకినంక కోసి, రాళ్ళ మీదికి ఎత్తి నీళ్ళు పోస్తే బతుకుతదేమో."

"ఆశ చెడ్డదే."

"ఎరికే," అన్నది కాశమ్మ. ఎరుకే. అయినా కొయ్యలేదు. ఇల్లు పోతే తొమ్మిది పిందెలు ఏం చేసుకుంటావని తనను తానే తిట్టుకుంది. నెలకు పైగా కడుపు మాడ్చుకొని నీళ్ళు పోసిన చేతికి కొడవలి పట్టడం రాలేదు, అంతే. వేర్లు కనబడకుండా గోలెం అడుగు చుట్టూ బూడిద పోసి, లోపల కూర్చుని పొద్దు ఎప్పుడు వాలుతుందా అని చూడసాగింది.

పొద్దు వాలలేదు. మిట్టమధ్యాహ్నం దాటిన కాసేపటికి ఎడ్ల మెడగంటలు వినిపించాయి. పైన గూడు కట్టిన దొర కచ్చడం బండి వచ్చి వాడ మొదట్లో ఆగింది.

ఆగింది, అంతే. లోపలికి రాదు. ఈ వాడలో దొర కాలు పెట్టడు, ఆయన తండ్రీ పెట్టలేదు. పట్వారి కూడా అక్కడే బండి నీడన నిలబడి కాయితం విప్పాడు. భూమి తనదే, కాని ఆ భూమి మీద నడిస్తే మైల! ఇక్కడ చూడాల్సింది ఏదైనా బాలనర్సింహ కళ్ళతోనే చూడాలి, బాలనర్సింహ నోటి నుంచే వినాలి. కాశమ్మ ఇంటికీ బండికీ మధ్య ముప్పై అడుగులు ఉంటాయి.

"ఒక్కొక్కటి లేపురా," అని దొర బండిలోంచే కేకేశాడు. "గట్టిగ చెప్పు."

బాలనర్సింహ కర్ర గోడకు ఆనించి కుండ లేపాడు. "తాకలే దొరా." రెండో కుండ, మూడో కుండ. "తాకలే." డబ్బా. "తాకలే." మోట బొక్కెన తోలు చివికి అతని చేతిలో సగం ఊడివచ్చింది. "తాకలే దొరా."

ఇక గోలెం. కాశమ్మ గడప పట్టుకొని నిలబడింది. కాళ్ళ మీద పడదామా, దొర కాళ్ళా, వీడి కాళ్ళా అని కూడా ఒక క్షణం అనుకున్నది. ఇంద్రమ్మ లోపల మంచంలో లేచి కూర్చుంది.

బాలనర్సింహ వంగి రెండు చేతులా పట్టి ఎత్తాడు. రాలేదు. మళ్ళీ ఎత్తబోయి ఆగాడు. కుడిచేయి గోలెం అడుగుకు పోనిచ్చి బూడిదలో తడిమాడు. తడిమి, తల ఎత్తి కాశమ్మ వంక చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకు అర్థం కాలేదు. నాగలి ముందు నడిచిన మనిషి కళ్ళూ అవే, గడీ కర్ర పట్టిన మనిషి కళ్ళూ అవే.

"ఏందిరా? లేస్తలేదా?"

"బరువున్నది దొరా! తడి మన్ను!"

పెద్దగా దగ్గుతూ గోలేన్ని ఉన్నచోటనే గిర్రున తిప్పాడు. పటుక్కుమన్న చప్పుడు దగ్గులో కలిసిపోయింది. కప్పు మీద తీగ ఒక్కసారి వణికింది. గోలెం లేచింది. దాన్ని పక్కకు దించుతూ అడుగున వేలాడుతున్న తెల్లటి తుంటలను అరచేత్తో తుడిచి గుప్పిట్లో దాచుకున్నాడు.

"తాకిందా?"

"తాకలే దొరా."

బండిలోంచి దొర గొంతు మెత్తగా వచ్చింది.

"వట్టి మాట కాదు. నేల మీద చెయ్యి ఆనిచ్చి చెప్పు."

ఆ ఊళ్ళో హద్దు తగాదాలన్నీ అట్లాగే తీరేవి. భూమి మీద అరచేయి ఆనించి చెప్పిన మాటకు వేరే సాక్షి అక్కర్లేదు. అట్లా అబద్ధమాడినవాడి చేతి విత్తు ఇక ఏనాడూ మొలవదని అందరి నమ్మకం. దొర నమ్మకం కూడా అదే. లేకపోతే ముప్పై అడుగుల దూరాన కూర్చుని తన ఆస్తిని ఒక కూలివాడి చేతికి అప్పగిస్తాడా!

బాలనర్సింహ మెల్లగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గోలెం లేచినచోట నాలుగు తెగిన వేర్లు తెల్లగా పైకి చూస్తున్నాయి. సరిగ్గా వాటి మీద తన అరచేయి కప్పాడు.

"తాకలే," అన్నాడు. ఈసారి దొరా అనడం మరిచిపోయాడు.

పట్వారి కాయితం మడిచాడు. కచ్చడం బండి తిరిగిపోయింది. బాలనర్సింహ గంటల చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా చేయి తీయలేదు. తరువాత లేచి, కర్ర తీసుకొని, కాశమ్మ వంక చూడకుండా పోయాడు.

సాయంత్రానికి తీగ వాడింది. నీళ్ళు పోసినా, చాప అడ్డం కట్టినా ఆకులు వేలాడిపోయాయి. కాశమ్మకు ఇల్లు నిలిచిన సంతోషం కంటే తీగ పోయిన దుఃఖమే ముందు వచ్చింది. కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, లేచి, పిందెలు వడలకముందే తొమ్మిదీ కోసింది. ఇంత ఉప్పూ కారం వేసి చట్టిలో మగ్గబెడితే రెండు గరిటెల కూరయింది. ఒక గరిటె అత్తకు పెట్టి, రెండోది ముంతలో వేసి, కొంగు ముడి ఒకసారి తడిమి చూసుకొని, ఆరు నెలలుగా తొక్కని గడపకు బయలుదేరింది.

బాలనర్సింహ పెండ్లాం శ్యామలమ్మ ముంత అందుకొని పక్కకు జరిగింది. అతను గోడవారన కూర్చుని ఉన్నాడు. కుడిచేయి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకున్నాడు. కడుక్కోలేదు.

"తిను," అన్నది కాశమ్మ. "పిందెల కూర."

"నేల మీద చెయ్యి పెట్టి అబద్ధమాడిన వదినె." "ఇగ నా చేతుల విత్తు మొలువది."

కాశమ్మ అతని ముందర కూర్చుంది. తిడదామని దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ రాలేదు.

"విత్తనీకి నీకు భూమేడున్నదిరా?"

బాలనర్సింహ తలెత్తాడు. శ్యామలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియాలి.

కాశమ్మ కొంగు ముడి విప్పి నాలుగు బీర గింజలు తీసింది. అతని చేతిని ముందుకు లాగి, అరచేతి గీతల్లో ఇంకా ఎండి ఉన్న నల్లమన్ను మీద వాటిని పెట్టింది.

"కుండల పెట్టు. అబద్ధమాడింది నేల మీద, కుండ మీద గాదు. నాగయ్య మామ కాడ పగిలినయి మస్తున్నయి. అడుగుకు చిల్లి వెయ్యి. మూడు రాళ్ళ మీద పెట్టు, నా లెక్క నేల మీద పెట్టకు. వారం వారం లేపి చూస్తుండు."

అతను గుప్పిట మూశాడు. ఆమె లేచి గడప దాటుతుంటే వెనకనుంచి అడిగాడు.

"మొలుస్తదంటవా, వదినె?"

"నీళ్ళు పొయ్యి," అన్నది కాశమ్మ, వెనక్కి తిరిగి చూడకుండానే. ఇంటి దగ్గర అత్త ఒక్కతే ఉంది, తనింకా గట్క తినలేదు.